గిన్నెలో నీ వైపు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం జిల్లా. బీఎస్సీ అగ్రికల్చర్ అయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున రెండేళ్ల పనికి ఏప్రిల్‌లో సెనెగల్ వచ్చాను. కౌలాక్ పట్నానికి గంటన్నర దూరంలో వొలోఫ్ భాష మాట్లాడే ఒక పల్లెలో, ఒక కుటుంబంతో ఉంటున్నాను. వాళ్లు నాకు ఆవా న్జాయ్ అని పేరు పెట్టారు (ఆ పేరు వింటే నాకు ఆవకాయే గుర్తొస్తుంది). నాలుగు నెలలైంది. పిల్లలు ఎక్కడ కనపడ్డా ‘తుబాబ్, తుబాబ్’ అని వెంటపడతారు. నేనేమన్నా తెల్లదాన్నా? అందరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తింటారు. నేను శాకాహారిని, గిన్నె మధ్యలో చేప. ఎంగిలి అన్న మాట మనసులోంచి పోవట్లేదు. కనపడిన ప్రతివాళ్లూ అది నాకియ్యి, ఇది నాకియ్యి అంటారు. తలుపేసుకుని పడుకుంటే వచ్చి తడతారు. పోయిన వారం సంతలో ఒక పెద్దమనిషి నా పేరడిగాడు. చెప్పగానే అందరి ముందూ ‘నువ్వు తిండిబోతువి, నా బానిసవి’ అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. జులై చివర్లో కూరగాయల మడుల గురించి ఆడవాళ్లకు మీటింగ్ పెడితే నలుగురొచ్చారు, అందులో ఒకామె నిద్రపోయింది. అమ్మ వచ్చేయమంటోంది. సంక్రాంతికి వచ్చి ఇంక అక్కడే ఉండిపోదామా అనిపిస్తోంది. మీరు ఇక్కడ ఉండి వెళ్లారని తెలిసి రాస్తున్నాను.
— ఆవా

సమాధానం:

చెల్లీ,

ముందు సంతలో పెద్దమనిషి సంగతి తేల్చేద్దాం, నువ్వు ఏడ్చింది దానికే కాబట్టి. ఆయన ఇంటిపేరు జోప్ అయ్యుంటుంది, కావాలంటే పందెం. కాయితాల మీద ఫ్రెంచి పద్ధతిలో ‘డియోప్’ అని కనపడుతుంది కానీ పలకడం జోప్. మీ న్జాయ్‌లకీ ఆ జోప్‌లకీ తరాల నుంచీ వేళాకోళం వరస. ఎక్కడ ఎదురుపడ్డా, ముఖపరిచయం లేకపోయినా, ఒకళ్లనొకళ్లు తిండిబోతులనీ దొంగలనీ బానిసలనీ తిట్టుకోవాలి. తిట్టుకోకపోతేనే తప్పు. సెరేర్ తెగవాళ్లకీ, పులార్ భాష మాట్లాడే పశువుల కాపరులకీ మధ్య కూడా ఇదే వరస నడుస్తుంది. బస్సులో సీటు దగ్గర మొదలైన గొడవ ఇంటిపేర్లు తెలియగానే నవ్వుల్లో కలిసిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

మన ఇళ్లలో బావా మరదళ్లు ఏమనుకున్నా పెద్దవాళ్లు పట్టించుకోరు కదా. ఆ చనువు ఇంటి గడప దాటి, రెండు ఇంటిపేర్ల వాళ్లందరి మధ్యా పరుచుకుందనుకో. అంతే. ఆ పెద్దాయన నిన్ను అవమానించలేదు. ‘తుబాబ్’ అని పక్కకి తప్పుకుని పోకుండా, నీకు పెట్టిన ఇంటిపేరును నిజమైన ఇంటిపేరుగా లెక్కలోకి తీసుకున్నాడు. నాలుగు నెలల్లో నీకు దక్కిన మొదటి మర్యాద అది, దానికి పోయి నువ్వు ఏడిచావు. ఈసారి కనపడితే నడుం మీద చెయ్యి పెట్టుకుని ‘యో యా బెగ్ చెబ్’ అను. ‘అన్నమంటే పడిచచ్చేది నువ్వే’ అని. ఆ పైన జోలోఫ్ అనే పాత వొలోఫ్ రాజ్యాన్ని నిలబెట్టినవాడు మా న్జాయే అని కూడా చెప్పు. అక్కడి ఐతిహ్యం అలాగే చెబుతుంది, ఎన్జాజాన్ న్జాయ్ అని. సంత సంతంతా నీ వైపు తిరగకపోతే అప్పుడడుగు.

బానిస అన్నారు కాబట్టి నా పరువు తక్కువ కథ కూడా విను. నేను 2009లో కౌలాక్ దగ్గరే ఒక పల్లెలో దిగాను. పొద్దున్నే అందరూ ‘జమ్మ్ న్గా ఫనాన్?’ అని అడుగుతారు, రాత్రి ప్రశాంతంగా గడిచిందా అని. ‘జమ్మ్ రెక్’ అనాలి, ప్రశాంతతే అని. నేను నెల రోజులపాటు మహా ధీమాగా ‘జామ్ రెక్’ అన్నాను. జమ్మ్ అంటే శాంతి, జామ్ అంటే బానిస. రోజూ పొద్దున లేచి, ఇంటింటికీ వెళ్లి, ‘బానిసే, బానిసే’ అని చెప్పి వచ్చేదాన్నన్నమాట. ఎవరూ దిద్దలేదు, ఎందుకంటే వాళ్లకి అంత మంచి కాలక్షేపం మళ్లీ దొరకదు.

అప్పటి నుంచీ వొలోఫ్ మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోవడం మానేసి తెలుగులో రాసుకున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. దీర్ఘానికి దీర్ఘం ఉంది, ఒత్తుకి ఒత్తు ఉంది. చిన్నప్పుడు బడిలో ఙ, ఞ దిద్దించి, తర్వాత జీవితంలో ఎక్కడా వాటి మొహం చూపించలేదు కదా మన మాస్టర్లు. ఇక్కడ వాడుకో. ఞార్ అంటే రెండు, ఞెట్ అంటే మూడు, ఙామ్ అంటే దవడ. ఆ రెండక్షరాలూ మనం ఎందుకు నేర్చుకున్నామో నాకు ముప్ఫయ్యేళ్లు వచ్చాక సెనెగల్‌లో తెలిసింది.

సంతలో డబ్బు లెక్క కూడా ఇప్పటికి నిన్ను ముంచే ఉంటుంది. వొలోఫ్‌లో డబ్బు చెప్పేటప్పుడు 5 ఫ్రాంకులు ఒక లెక్క, దాన్ని దెరెమ్ అంటారు. ఉల్లిపాయలామె ‘ఫుక్’ అంటే పది అని విని 10 ఫ్రాంకుల బిళ్ల చేతిలో పెట్టకు. పది దెరెమ్‌లు, అంటే 50. ‘ఞార్ ఫుక్’ అంటే 100. ‘తేమేర్’ అంటే వంద అని నేర్చుకున్నావు, నిజమే, కానీ డబ్బు దగ్గర అది 500. ఏది విన్నా ఐదుతో హెచ్చవేసి, తర్వాత బేరమాడు. రంగు చూసి ఎక్కువ చెప్పినప్పుడు ‘న్జాయ్‌ని, నా దగ్గరా!’ అంటే తగ్గుతుంది, నేను తగ్గించుకున్నాను (నాకు పెట్టింది వేరే ఇంటిపేరు, అయినా సరే).

రంగు అంటే గుర్తొచ్చింది, తుబాబ్. నువ్వు చామనఛాయలో ఉన్నా, నల్లగా ఉన్నా తుబాబ్‌వే. దూరం నుంచి వచ్చి, ప్యాంటేసుకుని, ఫోన్ పట్టుకుని, నీళ్ల డబ్బా తలమీద మొయ్యలేక ఒలకబోసుకునే మనిషి అని దాని అర్థం. తిట్టు కాదు, ముద్దూ కాదు. మన ఊళ్లో పిల్లలు విమానం కనపడితే ఎందుకు అరుస్తారు? అలాగే. ఆగి, వంగి, ‘ఆవా లా తుడ్’ (నా పేరు ఆవా) అని చెప్పి, ఆ పిల్ల పేరడుగు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పాలి. ఓపిక కావాలి, కాదనను. మీ వీధి వరకు రెండు నెలల్లో ఆగిపోతుంది, పక్క ఊళ్లో మళ్లీ మొదలవుతుంది.

ఇండియా అని తెలిస్తే మాత్రం పెద్దవాళ్లు ‘ఎందూ!’ అంటారు. హిందీ సినిమాలంటే సెనెగల్ జనానికి పాత పిచ్చి. ఒక ముసలామె నాకు అర్థం తెలియని హిందీ పాట మొత్తం పాడి వినిపించి, తప్పు లేకుండా పాడానా అని అడిగింది. నేను గుంటూరు దాన్ని, నాకేం తెలుసు! బాగుందన్నాను. ఇంకో సంగతి: 1960 నుంచి 1980 దాకా ఆ దేశానికి అధ్యక్షుడుగా ఉన్న కవి సెంఘోర్‌కి ద్రావిడులూ ఆఫ్రికావాళ్లూ దూరపు చుట్టాలన్న నమ్మకం ఉండేది, ఆ మాట సభల్లో చెప్పేవాడు కూడా. భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు. వరసల దగ్గరికొస్తే మాత్రం నాకు ఆయన మాట కొట్టిపారెయ్యాలనిపించదు, ఎందుకంటే అక్కడ మేనత్తకి విడిగా ఒక పేరుంది, బజ్జన్ అని. పసిబిడ్డకి ఎనిమిదో రోజు పేరు పెట్టేటప్పుడు ఆమెదే హడావుడి. మేనమామకి విడిగా ఒక పేరుంది, నిజాయ్ అని. మేనరికాలు ఉన్నాయి. అన్నిటికంటే విచిత్రం, భార్య మొగుణ్ణి కూడా గౌరవంగా ‘నిజాయ్’ అని పిలుస్తుంది. మన పల్లెల్లో ‘మావా’ అని పిలవడం లేదూ! అమెరికా నుంచో ఫ్రాన్స్ నుంచో వచ్చిన అమ్మాయికి ఈ వరసలు వంటబట్టాలంటే ఏడాది పడుతుంది. నీకు ఒక్క పూట చాలు. నీ ఇంట్లో ఎవరెవరు నీకేమవుతారో కూర్చుని అడిగి, ఆ వరసతోనే పిలువు. నాలుగు నెలలుగా పేర్లు పెట్టి పిలుస్తున్నావని నా అనుమానం.

ఇక గిన్నె. మిగతా దేశాల వలంటీర్లు చేత్తో తినడం ఎలాగా అని తంటాలు పడుతుంటే మనం కుడిచెయ్యి కడుక్కుని దర్జాగా కూర్చుంటాం. ఎడమచెయ్యి పనికిరాదని మనకెవరూ చెప్పక్కర్లేదు. తీరా కూర్చున్నాక తెలుస్తుంది, మన చేతికి తెలిసింది మన కంచం ఒక్కటేనని. వేరేవాళ్ల కంచంలోంచి ఒక్క మెతుకు తీసుకోవాలన్నా మన వేళ్లు వెనక్కొస్తాయి. అక్కడ మనవాళ్లెవరికైనా అసలు గండం ఇదే, నీ ఒక్కదానికే కాదు.

నేనేం చేశానో చెప్తాను. మొదట చెంచా అడిగాను, ఇచ్చారు. అతిథులకి చెంచా ఇవ్వడం వాళ్లకి మామూలే. తర్వాత ధైర్యం చేసి వేరే పళ్లెం అడిగాను. అదీ ఇచ్చారు. నా గదిలో నేను, నా పళ్లెం నేను. మూడో రోజు ఇంటి పెద్దామె గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా, మా పిల్లలేమన్నా తప్పు చేశారా అని అడిగింది. ఆ ఇంట్లో విడిగా తినేది ఒళ్లు బాగోలేనివాళ్లూ అలిగినవాళ్లూను. నేను రోజుకి మూడుసార్లు అలుగుతున్నానన్నమాట.

నాలుగో రోజు చాప మీద కూర్చుని, తినకుండా ముందు చూశాను. నువ్వూ ఒకసారి అలా చూడు. ఆ ఎనామిల్ గిన్నెలో కనపడని గీతలుంటాయి. ఎవరి ముందున్న త్రికోణం వాళ్లది. పక్కవాళ్ల భాగంలోకి వేలు పోదు, పోనివ్వరు. నాలుగేళ్ల పిల్ల చెయ్యి అటు పోతే వాళ్లమ్మ మణికట్టు మీద ఒక్కటి వేస్తుంది. మధ్యలో ఉన్న కేరట్, క్యాబేజీ, కర్రపెండలం ఎవరూ లాక్కోరు. పెద్దామె వేళ్లతో తుంచి ఒక్కొక్కళ్ల ముందుకీ విసురుతుంది. అందరికంటే ముందు, అందరికంటే పెద్ద ముక్క నీ ముందు పడుతుంది. కడుపు నిండితే అల్హమ్దులిల్లా అని వెంటనే లేచిపోవాలి, మిగిలినవాళ్లకి చోటు కావాలి కాబట్టి. నీ చెయ్యి తాకిన అన్నం నువ్వే తింటావు. మరి ఎంగిలి ఎక్కడ?

ఇంత చెప్పినా మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. నా మనసు ఎలా ఒప్పుకుందంటే, ఆవకాయ పెట్టిన రోజు గుర్తొచ్చింది. బేసిన్‌లో అడుగున మిగిలిన గుండలో వేడన్నం పోసి, నూనె వేసి కలిపి, మా అమ్మమ్మ చుట్టూ కూర్చున్న పదిమంది చేతుల్లో ముద్దలు పెట్టేది. అందరి చేతులూ ఆ బేసిన్ చుట్టూనే. అప్పుడు ఎంగిలి అన్న పిల్లని చూశావా? పాత తెలుగులో పొత్తుగుడుచు అని ఒక మాటే ఉంది, ఒకే గిన్నెలో కలిసి తినడానికి. మనం మర్చిపోయాం, అంతే.

శాకాహారం సంగతి వేరు, దాని మీద నీకు తీపి కబుర్లు చెప్పను. మధ్యాహ్నం చెబు జెన్ అనే చేపలన్నం (దీన్ని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా పెట్టారు) వండేటప్పుడు అన్నం చేప ఉడికిన నీళ్లలోనే ఉడుకుతుంది. ముక్క పక్కన పెట్టినంత మాత్రాన అయిపోదు. నువ్వెక్కడ గీత గీసుకుంటావో నువ్వే తేల్చుకో. నేను ముక్క తినలేదు, పులుసు తిన్నాను, దాని గురించి మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పే పద్ధతి మాత్రం ముఖ్యం. ‘వెజిటేరియన్’ అంటే ఏ డాక్టరు చెప్పాడని అడుగుతారు. ‘డుమా లెక్ జెన్, డుమా లెక్ యప్’ (చేప తినను, మాంసం తినను), మా వంశంలో నిషేధం అని చెప్పు. అక్కడ కూడా కొన్ని ఇంటిపేర్ల వాళ్లకి ఫలానా జంతువు ముట్టకూడదన్న నియమాలున్నాయి. ఆ మాట వెంటనే అర్థమవుతుంది, తర్వాత నిన్ను బలవంతపెట్టిన వాళ్లని వాళ్లే కసురుకుంటారు.

ఇంటికి ఇచ్చే డబ్బుతో పాటు నెలకోసారి ఞెబ్బె కొని ఇవ్వు. మీ అలసందలే అవి. రాత్రి పూట వండే చెరె సజ్జ పిండిది, రోట్లో దంచి, జల్లించి, ఆవిరి మీద ఉడికిస్తారు. దాని మీదకి మునగాకూ వేరుశనగా వేసి చేసే పులుసు ఒకటుంది, అందులో ఎండుచేప వెయ్యకుండా నీకో గరిటె ముందే తీసిపెట్టమను. సజ్జలూ అలసందలూ రెండూ అసలు ఆఫ్రికా పంటలే, అక్కడి నుంచే మన దాకా వచ్చాయి. కాబట్టి అక్కడి తిండి కొత్త అని మరీ అనుకోకు. దుకాణంలో బియ్యం సంచి తిప్పి చూశావా? చాలాసార్లు ఇండియా అనే ఉంటుంది. వాళ్లకి నూకలే ఇష్టం. మన కాకినాడ రేవు నుంచి ఓడల కొద్దీ నూకలు పశ్చిమ ఆఫ్రికాకి వెళ్తాయి. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసి, తర్వాత సెనెగల్ లాంటి కొన్ని దేశాలకి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. నీ గిన్నెలో మెతుకు గోదావరి జిల్లాల్లో పండినదైనా ఆశ్చర్యపోను.

ఇంకోటి, బిస్సాప్. ఎర్రటి ఆ పుల్లటి షర్బత్ తాగుతూనే ఉంటావు, కానీ అది మన గోంగూర పూల రక్షకపత్రాలతో చేసిందని నీకెవరైనా చెప్పారా? అగ్రికల్చర్ చదివిన దానివి, చెట్టు దగ్గరికెళ్లి ఆకు చూడు. వాళ్లు ఆ ఆకుని ఉడకబెట్టి, నూరి, బేగెజ్ అనే పుల్లటి ముద్ద చేసి అన్నంలో పక్కన వేస్తారు. ఒక సాయంత్రం నేను ఆ ఆకు కోసుకొచ్చి, వాళ్ల వేరుశనగ నూనెలో మగ్గబెట్టి, ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి వేసి వాళ్ల రోట్లోనే నూరాను. పెద్దామె వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పక్కింటావిణ్ణి కేకేసి పిలిచింది: ‘రా, ఈ పిల్ల దేశంలో కూడా మనుషులున్నారు, బేగెజ్ చేస్తారట!’ ఆ రోజు నుంచి నేను వంటచావిట్లో పీట వేసుకుని కూర్చునే హక్కు సంపాదించుకున్నాను. నువ్వు కూడా వాళ్లు వండుతుంటే గదిలో కూర్చోకు. ఉల్లిపాయలు తరుగు, చేపకి దూరంగా.

‘నాకియ్యి’ అన్నది పెద్ద సమస్య కాదు. సగం సార్లు అది పలకరింపు. నీ చెవిపోగులు బాగున్నాయి అనడానికి బదులు నాకియ్యి అంటారు. నువ్వు కూడా ఆమె తలగుడ్డ చూపించి నాకియ్యి అను, లేకపోతే ‘రేపు, ఇన్‌షా అల్లా’ అను. ఎవరూ రేపొచ్చి అడగరు. నిజంగా అవసరముండి అడిగేవాళ్లు అందరి ముందూ అడగరు. ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. పట్నం వెళ్లి వస్తే ఉత్త చేతులతో రాకు. నాలుగు రొట్టెలు, పెద్దవాళ్లకి నమలడానికి పిడికెడు కోలా కాయలు చాలు. మనం తిరపతి వెళ్లొచ్చి లడ్డు పంచకపోతే ఎలా చూస్తారో అక్కడా అలాగే చూస్తారు.

తలుపు సంగతి. నువ్వు పగలు తలుపేస్తే ఊరికి అర్థమయ్యేది ఒక్కటే, ఆవాకి జ్వరమో అమ్మ మీద బెంగో. తట్టి చూడకపోతే వాళ్ల తప్పు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఎండకి అందరూ పడుకుంటారు, ఆ గంటా తలుపేసుకో, ఎవరూ ఏమనరు. చదువుకోవాలన్నా ఉత్తరం రాసుకోవాలన్నా బయట పందిరి కింద చాప వేసుకుని రాసుకో. పక్కన మనుషులుంటారు కానీ మాట్లాడాలని లేదు. పెంచ్ అంటే తెలుసుగా, ఊరి మధ్య చెట్టు కింద చోటు, మన రచ్చబండ. సాయంత్రం అక్కడ అతాయా అనే టీ కాస్తుంటే వెళ్లి కూర్చో. మూడు విడతలుగా ఇస్తారు, మొదటిది కషాయంలా ఉంటుంది, పోను పోను తీపి. చిన్న గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తునుంచి పోసి నురగ తెప్పించడానికే అరగంట పడుతుంది. మొదటి గ్లాసు తాగి లేచిపోకు. నాకు ఊరి సంగతులన్నీ మూడో గ్లాసు దగ్గరే తెలిశాయి, ఎవరి బావి ఎండిందో, ఎవరి కోడలు పుట్టింటికెందుకు వెళ్లిందో.

ఇప్పుడు మీటింగ్. చెల్లీ, అనంతపురం అమ్మాయివి, జులై చివర్లో మీటింగ్ ఎలా పెట్టావమ్మా! మీ ఊళ్లో శనక్కాయ కలుపుల రోజుల్లో ఏ ఆఫీసరో వచ్చి ‘పెరటి తోటలపై అవగాహన’ అంటే మీ అమ్మ చేలోంచి లేచొస్తుందా? అక్కడ వాన పడేది జూన్ నుంచి అక్టోబరు మొదటి దాకా, ఏడాది తిండీ ఏడాది డబ్బూ ఆ నాలుగు నెలల్లోనే. తెల్లారగట్ల లేచి, నీళ్లు తోడి, సజ్జలు దంచి, చేలో కలుపు తీసి వచ్చిన మనిషి ఆమె. నిద్రపోయిందని రాశావు. నీ మీటింగ్‌లో ఆమెకి దొరికిన మంచి విషయం ఆ నిద్రే.

కూరగాయల మడులు నవంబరులో, వేరుశనగ ఇంటికొచ్చాక. అప్పటికి చేతిలో కాస్త డబ్బూ కాస్త తీరికా ఉంటాయి, బావిలో నీళ్లూ ఉంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ నీళ్లు లోతుకి పోతాయి. కాబట్టి ఈలోపు నువ్వు లెక్కపెట్టాల్సింది విత్తనాలు కాదు, బిందెలు. ఒక మడికి రోజుకి ఎన్ని బిందెలు, ఎవరు తోడతారు, ఎవరు మోస్తారు. ఆ లెక్క లేకుండా మొదలెట్టిన తోటలు ఎన్ని ఉత్త కంచెలుగా మిగిలిపోయాయో నీ చుట్టుపక్కల ఊళ్లలోనే చూడొచ్చు.

ఈ నెలా వచ్చే నెలా ఏం చెయ్యాలంటే, చేలోకి వెళ్లి కలుపు తియ్యి. పొడుగు కర్రకి నెలవంకలాంటి బిళ్ల ఉండే ఇలేర్ అనే పనిముట్టు ఉంటుంది, నిలబడి నెడుతూ పోతారు. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కుతాయి, ఊరంతా వచ్చి చూస్తారు, నవ్వుతారు. నవ్వనీ. గుర్రమో గాడిదో లాగే సూపర్ ఎకో అనే చిన్న విత్తన యంత్రం, సీన్ హో అనే గుంటక, ఇవి మీ గొర్రూ గుంటకలకి ఎక్కడ దగ్గరగా ఉన్నాయో ఎక్కడ వేరో చూసి బొమ్మ గీసుకో. వేరుశనగలో నీకు కదిరి-6 తెలుసు. వాళ్లకి 55-437 అనే 90 రోజుల రకం తెలుసు. అడుగు, ఎందుకు అదే వేస్తారో. మీ జిల్లాలో రైతు చెప్పే జవాబులే సగం వినపడతాయి: వాన ముందే ఆగిపోతే కాయైనా చేతికొస్తుందని.

నేను మొదటి ఏడాది ఒక ముసలి రైతుకి వరుసల మధ్య దూరం గురించి పాఠం చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. మర్నాడు పొద్దున్నే నన్ను చేలోకి తీసుకెళ్లాడు. చేలో అక్కడక్కడా కాద్ చెట్లుంటాయి, తుమ్మ జాతిదే. వింత చెట్టు అది. వానాకాలంలో ఆకు రాల్చేస్తుంది, ఎండాకాలంలో చిగురిస్తుంది. పైరుకి ఎండ తగులుతుంది, నేలకి ఎరువు పడుతుంది, ఎండల్లో పశువులకి నీడా కాయా దొరుకుతాయి. ఆయన ఆ చెట్టు కింద ఒక సజ్జ మొక్క పీకాడు, ఇరవై అడుగుల అవతల ఇంకోటి పీకాడు. రెండూ నా అరచేతుల్లో పెట్టాడు. చెట్టు కిందది నా భుజం దాకా ఉంది, రెండోది మోచేతి దాకా లేదు. ఏమీ అనలేదు. ఇంటికి నడిచి వస్తూ నా ఇంటిపేరు మీద ఏదో జోకు వేశాడు. నేను ఆ సాయంత్రం నా మీటింగ్ కాయితాలు పొయ్యిలో పెట్టి టీ కాచాను, నిజంగానే.

సర్దుకుపొమ్మని చెప్పని విషయాలు రెండున్నాయి. ఒకటి, మగవాళ్లు. ‘పెళ్లయిందా, నన్ను చేసుకో’ అని రోజుకి పదిసార్లు నవ్వుతూ అనడం వేరు. దానికి ‘మా అమ్మకి ఇరవై ఆవులు తోలుకురా’ అంటే చాలు. వెంటపడటం, చెయ్యి వెయ్యడం, రాత్రి తలుపు దగ్గరికి రావడం వేరు. అది అక్కడి సంప్రదాయమేమో అని నువ్వు సర్దిచెప్పుకోకు, ఎక్కడా కాదు. ముందు ఇంటి పెద్దామెకి చెప్పు, అదే రోజు సంస్థకి చెప్పు, అవసరమైతే ఊరు మారు. రెండు, జ్వరం. ఇప్పుడున్నది మలేరియా రోజులు, నవంబరు దాకా. మాత్ర ఒక్క పూట మానకు, తెర లేకుండా పడుకోకు. ఒళ్లు వెచ్చబడితే పారాసెటమాల్ వేసుకుని చూద్దాం అనుకోకుండా ఆ రోజే పరీక్ష చేయించుకో.

సంక్రాంతికి వెళ్లు. అమ్మని చూసిరా. ఇంటి దగ్గరే ఉండిపోవాలా వద్దా అన్నది ఇప్పుడు, కలుపుల మధ్య, ఒంటరిగా తేల్చుకోకు. నవంబరులో పంట ఇంటికొచ్చాక ఒకసారి, అనంతపురంలో అమ్మ వంట తిన్నాక ఒకసారి ఆలోచించుకో. రెండు చోట్లా ఒకే జవాబొస్తే అది చెయ్యి. ఉండిపోయినా నిన్నెవరూ పిరికిదానివనరు. ఎల్లో ఫీవర్ టీకా పసుపు కార్డు చేతి సంచిలోనే పెట్టుకో. అది లేకుండా అక్కడి నుంచి మన విమానాశ్రయంలో దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు, భోగి మంటలు కిటికీలోంచి చూడాల్సొస్తుంది. బయల్దేరే రోజు ఇంటి పెద్దవాళ్లు నీకు ఎడమచెయ్యి అందిస్తే ఉలిక్కిపడకు. దూర ప్రయాణానికి అలాగే ఇస్తారు. ఎడమచెయ్యి ఇవ్వడం తప్పు కదా, ఆ తప్పు దిద్దుకోవడానికైనా మనిషి తిరిగి రావాలని. నువ్వూ ఎడమచెయ్యే ఇవ్వు.

ఈలోపు నాకు ఇంకో ఉత్తరం రాయి. మీటింగుల గురించి వద్దు. సెప్టెంబరు వాన నిలబడిందా, మీ బజ్జన్ చేలో వేరుశనగ చెట్టుకి ఎన్ని కాయలున్నాయో పది చెట్లు పీకి లెక్కపెట్టి రాయి. పచ్చి కాయలు వదిలెయ్యకు, ఉప్పేసి ఉడకబెట్టుకుంటారు వాళ్లు కూడా.